యూరప్‌లో మేము దిగిన హోటలు

యూరప్ ఖండంలో తిరిగే మనిషి రోజుకు ఎంత ఖర్చు పెట్టాలన్నది పారిస్‌లోనో లండన్‌లోనో తేలే విషయం కాదు. అది అమలాపురంలో, మా వంటింటి గుమ్మం పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేను తేల్చవలసిన విషయం! ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. ముప్పయ్యేళ్ళకు పైగా ఒక ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల విభాగం చూసి, సూపరింటెండెంటుగా రిటైరైన జ్ఞానప్రకాశాన్ని నేను. నా సంతకం పడకుండా మా ఆఫీసు ఒక్క చీపురుకట్ట కొన్న పాపాన పోలేదు. అలాంటిది, యూరప్‌ను ఊరికే వదిలేస్తానా!

ఈ యూరప్ మా ఇంట్లోకి తెచ్చింది నా భార్య ప్రసన్నకుమారి. ఆవిడ ఆసుపత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరైంది. సన్మానసభలో వేసిన దండ ఇంకా వాడకముందే నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఏవండీ, మోకాళ్ళు పనిచేస్తుండగానే యూరప్ చూసొద్దామండి. వీపుకో సంచీ తగిలించుకుని, రైళ్ళలో బస్సుల్లో తిరుగుదాం" అంది.

యూరప్ అన్నందుకు నాకు అభ్యంతరం లేదు. పైగా అది అత్యవసరం కూడా. ఎందుకంటే మా ఆవిడ అక్క సుందరమ్మగారి భర్త, అంటే నా తోడల్లుడు, ఇమ్మానుయేలుగారు కిందటేడే ఆవిడతో కలిసి వెళ్ళివచ్చారు. ఆయన రాజోలు దగ్గర కాలేజీలో ప్రిన్సిపాలుగా చేశారు. యూరప్ నుంచి దిగింది మొదలు ఆయన నాలుక మారిపోయింది. పెళ్ళిలో మజ్జిగపులుసు వడ్డిస్తే, "వియన్నాలో మా ఫైవ్‌స్టార్ హోటల్లో అచ్చం ఇలాంటి సూపే ఇచ్చేవారండి" అంటారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే, గోదారి వైపు చూసి నిట్టూర్చి, "డాన్యూబు గుర్తొస్తందండి తమ్ముడుగారూ" అంటారు. మనిషికి రోజుకు పాతికవేలు అయ్యాయట. అయినా ఆయన లెక్క చూసుకోలేదట. ఈ లెక్క చూసుకోకపోవడం గురించి ఆయన కనీసం వందమందికి చెప్పి ఉంటారు.

కాబట్టి వెళ్ళవలసిందే. నా అభ్యంతరమల్లా ఆ సంచీ దగ్గర.

"సంచీ ఏమిటి ప్రసన్నా? మా నాన్న అంబాజీపేటలో కొబ్బరి బస్తాలు మోసేడు. నేను మొయ్యకూడదనే కదా నన్ను చదివించేడు? ఆయన కూలి పుచ్చుకుని మోసేడు. నేను డబ్బు ఎదురిచ్చి మొయ్యాలా!"

"మావయ్యగారు మోసింది షావుకారి బస్తా. ఇవి మన బట్టలే కదండీ."

ఇలాంటి వాదనకు ఏ ఫైలులోనూ జవాబుండదు. బడ్జెటు సమావేశానికి అనుమతి ఇచ్చాను.

తీరా చూస్తే ఆవిడ దగ్గర అంచనాలు తయారుగా ఉన్నాయి. మనిషికి రోజుకు యాభై యూరోలు. యూరో అంటే ఇంచుమించు నూరు రూపాయలు కనుక ఐదువేలు. పడకకు ఇరవై రెండు, తిండికి పన్నెండు, రైళ్ళకూ బస్సులకూ పది, చూడవలసినవి చూడ్డానికి టిక్కెట్లు ఆరు. నేను కళ్ళజోడు సవరించుకున్నాను.

"పడక అని రాశావేం? గది అనాలి."

"గది కాదండి, మంచమే. హాస్టళ్ళని ఉంటాయి, వాటిల్లో ఒక గదిలో ఎనిమిది మంచాలుంటాయి. కిందొకటి, దానిమీదొకటి."

"మిగతా ఆరు మంచాల మీదా ఎవరుంటారు?"

"ఎవరొస్తే వాళ్ళు."

"అంటే జనరల్ వార్డు!"

"ఆయ్. నా సర్వీసంతా జనరల్ వార్డులోనే కదండీ. నాకేం కొత్త?"

ఆ పద్దును నిరసనతో మంజూరు చేశాను. తర్వాత ఆవిడ ఇంకో చిన్న సంగతి చెప్పింది. ఆ దేశాల్లో రోడ్డుమీద ఉండగా బాత్రూముకు వెళ్ళాలంటే యూరో చెల్లించాలట! నేను కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాను. ఇది ఏ పద్దు కింద వస్తుంది? ప్రయాణమా? వినోదమా? చాలాసేపు ఆలోచించి "అనివార్య వ్యయం" అని కొత్త పద్దు తెరిచి, మనిషికి రోజుకు ఒక్క యూరో కేటాయించాను. రెండోసారి అవసరమైనవారు మ్యూజియంలో టిక్కెట్టు కొని ఉండగానే ఆ పని చూసుకోవలెనని షరతు పెట్టాను. ఆ యూరోను తిండి పద్దులోంచి కోశాను. తిండి తగ్గితే అనివార్యమూ తగ్గుతుంది కదా! మా పై అధికారులు ఉంటే ఈ ముందుచూపుకు ప్రశంసాపత్రం ఇచ్చేవారు.

ఒకటి మాత్రం నాకు అంతుపట్టలేదు. దేశం దాటి ఎరగని ఈ మనిషికి ఇన్ని సంగతులు ఎలా తెలుసు? హాస్టలు వంటింట్లో పొద్దున్నే గుడ్లు ఉడకబెట్టుకుని పట్టుకుపోవాలట. రొట్టెల కొట్టుకు మూసేవేళ వెళితే సగం ధరకే ఇస్తారట. కుళాయి నీళ్ళే తాగాలట, సీసా కొనకూడదట.

"ఇవన్నీ నీకెవరు చెప్పేరు? ఫోన్లో చూశావా?"

"ఆయ్" అంది, గిన్నె అందుకుంటూ.

గోదారి జిల్లాలో ఈ 'ఆయ్'కి అవునని అర్థం. ఇక అడక్కండి అని కూడా అర్థం.

నేను ఒకే ఒక్క నిబంధన చేర్చాను. తిరగడం ఎలా తిరిగినా, ఊళ్ళో మాత్రం ఫైవ్‌స్టార్ అని చెప్పాలి.

"అబద్ధమాడమంటారా?"

"అబద్ధం కాదు ప్రసన్నా. వివరాలు జతపరచకపోవడం."

ఆవిడ నావైపు జాలిగా చూసి ఊరుకుంది. దాన్ని నేను సమ్మతిగా నమోదు చేసుకున్నాను.

బయల్దేరే రోజున మా విశ్రాంత ఉద్యోగుల సంఘం కార్యదర్శి భీమరాజుగారు వీధి మొగలో ఫ్లెక్సీ కట్టించారు. అందులో నేను కోటు వేసుకుని ఐఫిల్ టవరు ముందు నిలబడి ఉన్నాను. కోటు నాది కాదు. మెడ కింద నుంచి ఎవరిదో. "భీమరాజుగారూ, మేం పారిస్ వెళ్ళడం లేదండి" అన్నాను. "టవరు లేకపోతే అది యూరపని ఎవరికి తెలుస్తాదండీ!" అన్నారాయన. న్యాయమే.

మా అసలు సామాను రెండు వీపు సంచుల్లో సర్ది హైదరాబాదులో అమ్మాయి షైనీ ఇంట్లో ఉంది. అయితే యూరప్ వెళ్ళేవాడు ఒట్టి చేతులతో కారెక్కితే ఊరేమనుకుంటుంది? అందుకని చక్రాల పెట్టెలు పెద్దవి రెండు కొని, వాటినిండా తలగడలు కుక్కాను. అభిమానం కొద్దీ భీమరాజుగారు ఒక పెట్టె తనే ఎత్తబోయారు. బరువుంటుందని దమ్ము బిగించి ఎత్తారేమో, పెట్టె ఆయన తలదాటి పైకి లేచిపోయింది!

"ఏంటండీ ఇది, దూదిపింజెలాగుంది!"

"ఫైవ్‌స్టార్ వాళ్ళు అన్నీ వాళ్ళే ఇస్తారండి. మనం తువ్వాలు కూడా పట్టికెళ్ళక్కర్లేదు."

"ఆహా!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఒకాయన తువ్వాలుతో కళ్ళు కూడా తుడుచుకున్నారు. రోములో మా హాస్టల్లో తువ్వాలు అద్దె రెండు యూరోలని నాకు అప్పటికి తెలియదు.

రోములో మొదటిరోజు సంచీ తగిలించుకుని స్టేషను నుంచి నడుస్తుంటే నా వీపు విరిగిపోయింది. మా నాన్న గుర్తొచ్చేడు. ఆయన సాయంత్రం ఇంటికొచ్చి గోడకు వీపు ఆనించి ఏమీ మాట్లాడకుండా కూర్చునేవాడు. ఎందుకు మాట్లాడేవాడు కాదో ఇన్నాళ్ళకు తెలిసింది. నాలుగు వీధులు నడిచాక ప్రసన్న నా సంచీ పట్టీలు బిగించి, బరువు నడుం మీదకి దింపింది. తర్వాత ఫరవాలేదు. రెండుమూడు రోజులు పోయేసరికి సంచీ ఉన్న సంగతే మర్చిపోయాను. అంతేకాదు, బడ్జెటులో రోజూ ఎంతో కొంత మిగులుతోంది. ఆ మిగులుతో ప్రసన్న ఒక ఐస్‌క్రీమ్ కొని, సగం నాకిచ్చి, ఎవరిదో రాతిమెట్ల మీద చిన్నపిల్లలా కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆవిడ అలా కాళ్ళు చాపుకుని కూర్చోవడం నేను మా పెళ్ళయ్యాక చూడలేదు.

అయినా నా కర్తవ్యం నేను మరిచిపోలేదు. వియన్నాలో రాజభవనంలాంటి హోటలు ఒకటి కనిపించగానే దాని ముందు నిలబడి ఫోటో తీయించుకుని, "మా బస" అని రాసి బంధుమిత్రుల గ్రూపులో పెట్టాను. నిమిషంలో ఇమ్మానుయేలుగారి జవాబు వచ్చింది: "మంచి హోటలు ఎంచుకున్నారు తమ్ముడుగారూ. అందులో టిఫిను బావుంటాది."

నా ఉత్సాహమంతా నీరుగారిపోయింది. ఆయన అందులో తిన్నారు! నేను దాని గుమ్మం చూశాను!

వియన్నా నుంచి బస్సులో బుడాపెస్టు చేరాం. ప్రసన్న అడ్రసు చూడకుండానే రెండు సందులు తిప్పి ఒక పాత మేడ ముందు ఆపింది. హాస్టలు నడిపే ఆవిడ పేరు ఇలోనా. అరవై ఏళ్ళ బొద్దు మనిషి. మా పాస్‌పోర్టులు తీసుకుని, ప్రసన్న పుట్టిన ఊరు పేరు కూడబలుక్కుంటూ చదివింది. అ... మ... లా... పురం. చదివి, బల్లమీద చెయ్యి చరిచి ఒక్క కేక పెట్టింది.

"ఆయ్!"

నేను వెనక్కి తిరిగి చూశాను. మా వెనక ఎవరూ లేరు. ఆ కేక ఆవిడదే.

"అమలాపురం! ఆయ్, ఆయ్! మీరు సుందరమ్మ చెల్లెలు కదూ? ముక్కు చూస్తేనే తెలుస్తోంది. ఇమ్మానుయేల్ బాగున్నాడా?" అని ఇంగ్లీషులో అడిగింది. మేము నోరు తెరిచేలోపు వంటింట్లోకి లాక్కుపోయి టీ ఇచ్చి, కథంతా చెప్పింది.

మా తోడల్లుడు ఆ ఇంట్లోనే దిగారు. ఎనిమిది మంచాల గదిలోనే! వచ్చిన రోజునే ఆ వంటింట్లో ఎండు మెత్తళ్ళ చేపలు వేయించారట. పొగకు ప్రమాదఘంట మోగిందట. నాలుగంతస్తుల జనం ఎలా ఉన్నవాళ్ళు అలా వీధిలోకి ఉరికారట. ఫైరింజను వచ్చేసరికి ప్రిన్సిపాలుగారు లుంగీ మీద, చేతిలో అట్లకాడతో, టోపీలవాళ్ళకు దండం పెడుతూ నిలబడ్డారట.

నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు! పాతికవేల ఫైవ్‌స్టార్! లెక్క చూసుకోని మహానుభావుడు!

ఇలోనా మాత్రం అక్కడితో ఆగలేదు. మర్నాడు ఆయన కిటికీలన్నీ తెరిపించి, ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ వండిపెట్టారట. అప్పటినుంచి అందరూ సాయంత్రమయ్యేసరికి ఆయన చుట్టూ చేరేవారట. "చిన్నప్పుడు వరదొచ్చి ఇల్లు కొట్టుకుపోతే, పుస్తకాలు నెత్తిన పెట్టుకుని గట్టెక్కిన సంగతి చెప్పాడు. మాలో చాలామంది ఏడ్చారు. అలాంటి మనిషి మళ్ళీ రాలేదు మా ఇంటికి" అంది.

నేను ఆ సంగతి ఎప్పుడూ వినలేదు. మాకు తెలిసిన ఇమ్మానుయేలుగారు మండువా లోగిట్లో, ఇద్దరు పాలేర్ల మధ్య పెరిగారు.

ప్రసన్న వైపు తిరిగాను. "నీకు ముందే తెలుసా?"

"ఏటిగట్టు మీద తాటాకిల్లండి వాళ్ళది. అక్క చెప్పింది. ఈ యాభై యూరోల లెక్క మాత్రం ఎవరిదనుకున్నారు? అక్కదే. గుడ్లూ, రొట్టే, ఈ హాస్టలూ అన్నీ అక్కే చెప్పింది. మీకు చెప్పొద్దంది, బావగారి పరువు పోద్దని."

బుడాపెస్టులో ఉన్న నాలుగురోజులూ ఈ విషయం అమలాపురంలో ఎలా బయటపెట్టాలా అని ఆలోచించాను. వంతెనల మీద నడుస్తూ ఆలోచించాను. ఆ వంటింట్లో ఎవరెవరికో ఉల్లిపాయలు తరిగిపెడుతూ, ఒక పోలండు ముసలాయనతో పేకాడుతూ, నవ్వుతూ ఆలోచించాను. ఆఖరిరోజు ఉల్లిపాయ సగంలో ఉండగా ఒక ప్రశ్న తట్టి కత్తి ఆగిపోయింది. "ఈ సంగతి మీకెలా తెలిసిందండీ?" అని ఎవరైనా అడిగితే?

తిరిగి వచ్చాక భీమరాజుగారు సంఘం హాల్లో "యూరప్ అనుభవాలు" అని సభ పెట్టించారు. అధ్యక్షులు ఎవరు? అనుభవజ్ఞులు ఇమ్మానుయేలుగారే. వేదిక మీద మా ఇద్దరికీ పక్కపక్కనే కుర్చీలు వేశారు. రెండు శాలువాలు బల్లమీద సిద్ధంగా ఉన్నాయి. మా ఆవిడా సుందరమ్మగారూ కింద మొదటి వరుసలో కూర్చున్నారు.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. రోము అయింది, వియన్నా అయింది. బుడాపెస్టు దగ్గరకు వచ్చేసరికి నోరు ఆగలేదు. "అన్నయ్యగారూ, అక్కడ ఇలోనాగారు మిమ్మల్ని మరీ మరీ అడిగేరండి!" అనేశాను.

ఇమ్మానుయేలుగారు నీళ్ళ సీసా మూత తీయబోయి, తీయలేక, అలాగే పట్టుకుని కూర్చున్నారు. లుంగీతో వీధిలో నిలబడినప్పుడు కూడా అంత బెదిరి ఉండరు.

"ఇలోనాగారు ఎవరండీ?" అన్నారు భీమరాజుగారు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన నావైపు చూశారు. ఆయనకు నా సంగతి అర్థమైందని నాకు అర్థమైంది.

"మేం దిగిన ఫైవ్‌స్టార్ హోటలు యజమానురాలండి" అన్నాను.

"ఆయ్, అవునండి! చాలా మర్యాదస్తురాలు!" అన్నారు ఇమ్మానుయేలుగారు. సీసా మూత చటుక్కున ఊడి వచ్చింది.

"ఇంతకీ రోజుకి ఎంతయ్యిందండీ?" అని భీమరాజుగారు అడిగారు.

"మనిషికి ముప్పైవేలు" అన్నాను. ఆయన పాతికన్నప్పుడు నేను ఇరవై అనలేను కదా!

"ఈ ఏడు రేట్లు పెరిగేయండి" అని అధ్యక్షులవారు ధ్రువీకరించారు.

హాలు నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులోంచి ఒకావిడ లేచింది. సత్యనారాయణమ్మగారు, కొత్తపేటలో టీచరుగా చేశారు. పక్కన నల్లకళ్ళద్దాలతో భర్త కూర్చుని ఉన్నారు.

"మన వల్ల అయ్యేది కాదండి" అంది భర్తతో, మెల్లగా చెప్పాననుకుని. "కిందటేడు ప్రిన్సిపాలుగారు పాతికవేలన్నారని మానుకున్నాం. తగ్గుతాదేమో అనుకుంటే ఇంకా పెరిగింది. ఈలోగా మీకు చూపూ తగ్గిపోయింది. పదండి."

ఆయన లేచి, ఆవిడ భుజం కోసం చెయ్యి చాపారు.

నేను బల్ల వైపు చూస్తూ నిలబడ్డాను. చెప్పవలసిన మాట గొంతుదాకా వచ్చింది. అది అక్కడే మంజూరు కోసం ఆగిపోయింది. ప్రసన్న ఆగలేదు.

"ఉండండి సత్యనారాయణమ్మగారూ, వెళ్ళిపోకండి. మనిషికి రోజుకి ఐదువేలండి. మేం హోటల్లో దిగలేదు. ఎనిమిది మంచాల గదిలో దిగేం. ఆ వియన్నా హోటలు ముందు ఈయన ఫోటో తీయించుకుంటుంటే, దారికి అడ్డం లెమ్మని వాళ్ళ దర్వాను పక్కకి పంపించేసేడు."

ఈ దర్వాను సంగతి నేను మీకూ చెప్పలేదు. వివరాలు జతపరచలేదంతే.

సుందరమ్మగారు కూడా లేచారు. "మాకూ ఐదువేలేనండి. ఆ ఇలోనా ఇంట్లో ఈయన చేపలు వేయించి ఫైరింజను తెప్పించేరు!" అని చెప్పి, అణుచుకోలేక నవ్వేశారు. ఏడాదిగా ఆపుకున్న నవ్వు కాబోలు, కుర్చీ పట్టుకోవలసి వచ్చింది.

ఇక మా పని అయిపోయిందనుకుని కళ్ళు మూసుకున్నాను. హాలు నవ్వుతుందనుకున్నాను, ఈలలు వేస్తుందనుకున్నాను. ఏమీ లేదు. కుర్చీలు జరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. కళ్ళు తెరిచి చూస్తే జనమంతా లేచి ఆ అక్కాచెల్లెళ్ళ చుట్టూ మూగారు. మంచాలు ముందుగా ఎలా పట్టుకోవాలి? బియ్యం పట్టికెళ్ళనిస్తారా? కళ్ళు సరిగా ఆననివాళ్ళకు మెట్లు ఎక్కువుంటాయా? ప్రసన్న ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "కింది మంచం ఇమ్మని నేను ఇలోనాకి ఫోను చేసి చెప్తానండి. చూపున్నంతలో చూసొద్దురుగాని" అంటోంది. భీమరాజుగారు శాలువాలు రెండూ చేతిలో పట్టుకుని ఒక క్షణం మావైపు చూశారు. తర్వాత మెట్లు దిగి, ఆ రెండూ ఆడవాళ్ళిద్దరికీ కప్పి, ఆయన కూడా ప్రశ్నలడిగేవాళ్ళ వరుసలో నిలబడిపోయారు.

వేదిక మీద మేమిద్దరమే మిగిలాం. ఎదురుగా అన్నీ ఖాళీ కుర్చీలే.

"తమ్ముడుగారూ" అన్నారు ఆయన, గొంతు తగ్గించి. "మీకు ఏ మంచం ఇచ్చిందండీ?"

"కిటికీ పక్కదండి. పైది."

"ఆయ్! నాదీ అదే." కుర్చీ దగ్గరకి జరుపుకుని, "దానికి నిచ్చెన రెండో మెట్టు వదులుగా ఉంటాదండి. మీరు బయల్దేరేముందు చెప్పాలని ఎంతో అనుకున్నాను. ఎలా చెప్పను?" అన్నారు.

నేను ప్యాంటు అంచు పైకెత్తి, మోకాలి కింద గీరుకుపోయిన మచ్చ చూపించాను. ఆయన వంగి, శ్రద్ధగా పరీక్షించారు. తర్వాత అటూ ఇటూ చూసి, తన ప్యాంటు కూడా పైకెత్తారు.

సరిగ్గా అదే చోట!